ఆ అరవై సెకన్లు

నా మొదటి యుద్ధం ఏడు నిమిషాల్లో ముగిసింది. నార్మండీలో ఒక మట్టి బాట. ఇరువైపులా మనిషెత్తు గట్లు, గట్ల మీద దట్టంగా చెట్లు. బాట చివర ఒక రాతి ఇల్లు. దాన్ని పట్టుకోవాలి. నా చేతిలో ఒక అమెరికన్ ప్లటూన్ ఉంది, నలభై ఒక్క మంది. ఇల్లు ఎదురుగా కనిపిస్తోంది కదా అని అందరినీ బాట వెంట పరుగు తీయించాను. మూడో నిమిషంలో ఎడమ గట్టు వెనక నుంచి మెషిన్ గన్ మోగింది. ఏడో నిమిషానికి నిలబడి ఉన్నవాళ్లు పదకొండు మంది.

పక్కన కూర్చుని చూస్తున్న మా అక్క కొడుకు ఒక్కటే అడిగాడు. "మామయ్యా, వాళ్లను పంపేముందు ఆ ఎడమ గట్టు వెనక ఏముందో ఒక్కసారైనా ఆలోచించావా?"

ఆలోచించలేదు. ఆ ప్రశ్న ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే అది ఆటకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదని నాకు తెలుసు. ఉద్యోగంలో, ఇంటి నిర్ణయాల్లో, డబ్బు వ్యవహారాల్లో నేను దెబ్బతిన్న చోటల్లా ఇదే జరిగింది. గమ్యం కనబడగానే పరుగెత్తాను. పక్కన ఏముందో చూడలేదు.

ఆ ఆట పేరు 'కంబాట్ మిషన్: బ్యాటిల్ ఫర్ నార్మండీ'. 2011లో వచ్చింది. 2000లో మొదలైన ఒక వరుసలోది. వీడియో గేమ్ అనగానే చురుకైన వేళ్లు, మెరుపులు, చప్పుళ్లు గుర్తొస్తాయి. ఇది వేరే బాపతు. దీన్ని నిమిషం నిమిషంగా ఆడవచ్చు, నేను అలాగే ఆడమంటాను. ముందు మనం తీరిగ్గా ఆదేశాలు ఇస్తాం. ఎదుటి పక్షమూ ఇస్తుంది. మీట నొక్కాక అరవై సెకన్ల పాటు ఇద్దరి ఆదేశాలూ ఒకేసారి నడుస్తాయి. ఆ అరవై సెకన్లలో మన చేతిలో ఏమీ ఉండదు. మనవాడు కాల్పుల్లోకి నడుస్తున్నా ఆపలేం. నిమిషం అయ్యాక అదే దృశ్యాన్ని వెనక్కి తిప్పి, ఎన్నిసార్లయినా, ఏ మూల నుంచయినా చూసుకోవచ్చు. ఆ తర్వాతే మళ్లీ ఆదేశాలు.

ఇంతకంటే మంచి శిక్షణ నాకు తెలియదు. ఇంటర్వ్యూ గదిలోకి అడుగు పెట్టాక సిద్ధపడటానికి వీలుండదు. పరీక్ష హాలులోనూ, కోపంలో మాట జారిన క్షణంలోనూ అంతే. చేసుకోవలసిందంతా ముందే చేసుకుని ఉండాలి. ఏం జరిగిందో తర్వాత నిజాయితీగా తిప్పి చూసుకోవాలి. చాలామందిమి ఈ రెండూ వదిలేసి, మధ్యలో ఉన్న ఆ అరవై సెకన్లలోనే అవస్థ పడుతుంటాం.

మీరూ మొదలుపెట్టదలిస్తే ఒక మాట. పెద్ద యుద్ధం జోలికి పోకండి. పటం నిండా ట్యాంకులు, వందల మంది సైనికులు ఉంటే చూడటానికి బాగుంటుంది, నేర్చుకోవటానికి ఏమీ మిగలదు. ఎందుకు గెలిచామో తెలియదు, ఎందుకు ఓడామో తెలియదు. ఒక్క ప్లటూన్ ఉన్న చిన్న పోరు ఎంచుకోండి. దాన్నే పదిసార్లు ఆడండి. నేను ఆ బాటనూ ఆ రాతి ఇంటినీ నెలన్నర పాటు వదల్లేదు.

మొదట నేర్చుకోవలసింది చూడటం. ఈ ఆటలో ఒక సైనికుడు చూసింది పక్కవాడికి తనంతట తాను తెలిసిపోదు. చెట్టు చాటున ఉన్న ఒక జట్టు శత్రువును చూస్తుంది, ముప్ఫై గజాల దూరంలో ఉన్న ఇంకో జట్టుకు అక్కడ ఎవరూ లేరు. కేక వినపడే దూరంలోనో, రేడియో ఉన్న అధికారి దగ్గరో ఉంటేనే కబురు చేరుతుంది, అదీ ఆలస్యంగా. అలికిడి మాత్రమే అందిన చోట తెర మీద ఒక ప్రశ్న గుర్తు కనిపిస్తుంది. అక్కడ ఎవరో ఉండవచ్చు. ఇప్పటికే వెళ్లిపోయి ఉండవచ్చు కూడా.

ఆ ప్రశ్న గుర్తును గౌరవించడం నేర్చుకున్న రోజే నా ఆట మారింది.

ఆటతో యుద్ధం నేర్చుకోవడం కొత్త సంగతి కాదు. ప్రష్యా సైన్యం 1824లోనే పటాల మీద పాచికలతో ఆడే యుద్ధక్రీడను తన అధికారుల శిక్షణలోకి తెచ్చుకుంది. కానీ నా మనసుకు దగ్గరైన ఉదాహరణ 1942 నాటి లివర్‌పూల్. అట్లాంటిక్ సముద్రంలో జర్మన్ జలాంతర్గాములు బ్రిటన్‌కు వెళ్లే సరుకు ఓడలను వరసగా ముంచేస్తున్నాయి. ఆ ఏడాది జనవరిలో గిల్బర్ట్ రాబర్ట్స్ అనే నౌకాదళ అధికారి లివర్‌పూల్‌లోని డెర్బీ హౌస్‌లో ఒక శిక్షణ విభాగం మొదలుపెట్టాడు. అందులో పనిచేసినవాళ్లలో ఎక్కువమంది మహిళా నౌకాదళానికి చెందిన యువతులు. సముద్ర ప్రయాణం ఎరగనివాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. గది నేలే వాళ్లకు సముద్రం. సుద్దముక్కతో ఓడల దారులు గీసేవారు. ఆడటానికి వచ్చిన నౌకాధికారులను గుడ్డ తెరల వెనక కూర్చోబెట్టి, చిన్న రంధ్రాల్లోంచి మాత్రమే చూడనిచ్చేవారు. నిజంగా ఓడ మీద ఉన్నప్పుడు ఎంత కనబడుతుందో అంతే కనబడాలి. అంతకు మించి ఒక్క ఓడ కూడా కనబడకూడదు.

అక్కడ వాళ్లు కనిపెట్టిన విషయం నన్ను నిలబెట్టేసింది. జలాంతర్గాములు ఓడల గుంపుకు బయట, దూరంగా ఉండి టార్పెడోలు వదులుతున్నాయని అందరూ అనుకుంటున్నారు. రక్షణ ఓడలు బయటికి పరుగెత్తి వెతుకుతున్నాయి. రాబర్ట్స్ బృందం నేల మీద దాడులను మళ్లీ నడిపించి చూస్తే ఆ లెక్క కుదరలేదు. జలాంతర్గామి గుంపు లోపలికే చొరబడి దగ్గర నుంచి కొడుతోందని తేలింది. దాన్ని బట్టి ఒక ఎదురు ఎత్తు తయారైంది. దానికి 'రాస్ప్‌బెర్రీ' అని పేరు పెట్టారు. పేరు పెట్టింది ఆ విభాగంలోనే పనిచేసిన జీన్ లెయిడ్లా. అక్కడే పనిచేసిన జానెట్ ఓకెల్ అనే యువతి చేతిలో అడ్మిరల్ మాక్స్ హోర్టన్ ఆటలో పదేపదే ఓడిపోయాడు. ఆయన స్వయంగా జలాంతర్గాముల్లో పేరు మోసినవాడు. యుద్ధం ముగిసేలోగా వేల మంది అధికారులు ఆ నేల మీద నేర్చుకుని వెళ్లారు.

అనుభవజ్ఞులు ఎంతోమంది ఉండగా ఆ సంగతి ఆ గదిలోనే ఎందుకు బయటపడింది? 'మనం చూసిందేమిటి, అనుకున్నదేమిటి' అని అక్కడ విడదీసి అడిగారు కాబట్టి.

మీరూ అలాగే విడదీసుకోవడానికి మీ నోటుబుక్కులో ఒక పేజీని మూడు గళ్లు చేయండి. చూసింది, విన్నది, అనుకున్నది. ఆటలో ప్రతి కదలికకు ముందు నింపండి. నేను దీన్ని ఆట బయట మొదటిసారి వాడింది మా అక్కావాళ్లు ఇంటి స్థలం కొనేటప్పుడు. చూసింది: లింకు డాక్యుమెంట్లు, ఈసీ, లేఅవుట్ కాగితం. విన్నది: పక్క ప్లాటు అమ్ముడైపోయిందని మధ్యవర్తి చెప్పిన మాట. అనుకున్నది: ముప్ఫై అడుగుల రోడ్డు మెయిన్ రోడ్డు దాకా ఉందని. రాసుకునేదాకా ఆ రోడ్డు సంగతి మూడో గడిలో ఉందని మాకెవరికీ తట్టలేదు. అందరం దాన్ని చూసిన విషయం కిందే లెక్కేసుకున్నాం. మర్నాడు వెళ్లి నడిస్తే ఆ రోడ్డు ఎవరిదో పొలం గట్టు దగ్గర ఆగిపోయింది. బేరం మానుకున్నాం. బావగారు ఇంటికొచ్చి ఏమీ మాట్లాడకుండా ఆ పేజీ చింపి తన పర్సులో పెట్టుకున్నారు.

ఇక కాల్పులూ కదలికా. సైనిక పాఠాలన్నిటిలో ముఖ్యమైనది ఇదేనని నా నమ్మకం, కాబట్టి కొంచెం ఎక్కువసేపు దీని దగ్గర ఆగుతాను. సినిమాల్లో తుపాకీ పని శత్రువును చంపడం. నిజమైన పోరులో పేలిన గుళ్లలో చాలా భాగం ఎవరికీ తగలవు, అయినా వృథా కావు. ఎదుటివాడు తల ఎత్తకుండా చేస్తాయి. తల ఎత్తనివాడు గురి చూడలేడు. ఆ కాసేపట్లో మనవాళ్లు కదలాలి. ఒకరు కాలుస్తుంటే ఒకరు కదలాలి, కదిలినవాళ్లు కుదురుకుని కాల్చడం మొదలుపెట్టాకే వెనకవాళ్లు లేవాలి. ఎప్పుడూ అందరూ ఒకేసారి కదలకూడదు.

వినడానికి సులువే. చేయడానికి నాకు మూడు వారాలు పట్టింది. కారణం ఓపిక లేకపోవడం. ఒక నిమిషం కాల్పించగానే చాల్లే అనిపించేది. మావాళ్లను లేపేవాణ్ణి. ఎదుటి మెషిన్ గన్ మళ్లీ మోగేది. జర్మన్ల ఎంజీ 42 నిమిషానికి సుమారు 1,200 గుళ్లు కాల్చే వేగం గలది. దాని ముందు అర నిమిషం తొందర కూడా ప్రాణాలు తీస్తుంది. మా మేనల్లుడు చెప్పాడు: "వాళ్లు కాల్చడం ఆపాక ఇంకో రెండు నిమిషాలు కాల్పించు మామయ్యా. నీకు విసుగొచ్చేదాకా కాల్పించు. విసుగొచ్చాక కదులు." ఆ మాట పట్టుకున్నాక నష్టాలు సగానికి సగం తగ్గాయి.

మన పల్లెల్లో పులి-మేక ఆడినవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. గుడి అరుగు మీద రాతిలో చెక్కిన గీతలు, మూడు పులులు, పదిహేను మేకలు. మేక పులిని చంపలేదు. పులి మాత్రం మేక మీదుగా దూకి చంపుతుంది, అదీ ఆ మేక వెనక చోటు ఖాళీగా ఉంటేనే. వెనక ఇంకో మేక ఉంటే పులి ఏమీ చేయలేదు. ఆడటం తెలిసినవాడు ముందుకు వెళ్లే మేకను చూడడు, దాని వెనక ఎవరున్నారో చూస్తాడు. నేను చిన్నప్పుడు అరుగు మీద నేర్చుకున్న ఆ సూత్రమే నార్మండీ బాట మీద నాకు మళ్లీ ఎదురైంది. నలభై ఏళ్ల వయసులో దాన్ని మరచిపోయి ఉన్నందుకు బాధ కలిగింది.

ఇంకో అలవాటు అదనపు బలం. ప్లటూన్‌లో మూడు జట్లు ఉంటే రెండింటినే పనిలో పెట్టండి, మూడోదాన్ని చాటున ఉంచండి. ఊరికే కూర్చున్నారు కదా అని చేయి లాగుతుంది. లాగనివ్వకండి. పరీక్షకు నలభై రోజులుంటే నలభై రోజులకూ సిలబస్ పంచుకునే విద్యార్థి మొదటి జ్వరానికే కూలిపోతాడు. ఆరు రోజులు ఏమీ రాయకుండా వదిలిపెట్టుకోండి.

ఆ గట్ల సంగతి చెప్పాలి. ఆటలో నన్ను ఓడించిన గట్లే 1944లో నిజమైన సైన్యాన్ని వారాల తరబడి ఆపేశాయి. ఫ్రెంచివాళ్లు వాటిని బొకాజ్ అంటారు. తరతరాలుగా రైతులు తమ చిన్న చిన్న పొలాల చుట్టూ పెంచిన మట్టి కట్టలు, వాటి మీద వేళ్లు పెనవేసుకున్న చెట్లు, తుప్పలు. జూన్ 6న సముద్ర తీరంలో దిగడానికి మిత్రరాజ్యాలు ఏళ్ల తరబడి సిద్ధమయ్యాయి. తీరం దాటాక వచ్చే ఈ పొలాలకు అంతగా సిద్ధపడలేదు. ప్రతి పొలం ఒక కోట అయింది. ట్యాంకు గట్టెక్కబోతే ముందు భాగం పైకి లేచి, పలచని అడుగు భాగం శత్రువుకు కనబడేది. సెయింట్-లో అనే పట్టణం చేతికి వచ్చేసరికి జూలై 18 అయింది.

అప్పుడు ఆ సైన్యం చేసిన పని చూడండి. పైనుంచి ఉత్తర్వు కోసం కూర్చోలేదు. ఏ దళానికి ఆ దళం గట్ల మధ్య కొత్త పద్ధతులు వెతుక్కుంది. ఒక ట్యాంకు, కొంత పదాతిదళం, పేలుడు పదార్థంతో ఇంజినీర్లు కలిసి ఒక్కొక్క పొలాన్నే పట్టుకోవడం నేర్చుకున్నారు. కర్టిస్ క్యూలిన్ అనే సార్జెంట్ ట్యాంకు ముందు ఉక్కు దంతాలు అతికించాడు. అవి గట్టులోకి దిగి, ట్యాంకు పైకి లేవకుండా మట్టినీ వేళ్లనూ చీల్చుకుని పోతాయి. జనరల్ బ్రాడ్లీ దాన్ని చూసి వెంటనే వందల కొద్దీ చేయించాడు. ఉక్కు ఎక్కడిదంటే, తమను అడ్డుకోవడానికి జర్మన్లు తీరంలో పాతిన అడ్డంకులది. జూలై 25న మొదలైన పెద్ద దాడికి అవి సిద్ధంగా ఉన్నాయి.

ఇది చదివాక నేను ఆట ఆడే తీరు మార్చుకున్నాను. అంతకుముందు గట్టులో ఉన్న సందు గుండానే పోవాలనుకునేవాణ్ణి. సందు ఉన్నచోటే శత్రువు గురి పెట్టి కూర్చుంటాడు. ఇంజినీర్ల జట్టును తీసుకుని, ఎవరూ ఎదురుచూడని మూలలో గట్టు పేల్చి దారి చేయడం మొదలుపెట్టాను. ఉన్న దారి అందరికీ తెలిసిన దారే. అందరూ పోటీపడే కోర్సు, అందరూ పెట్టే దుకాణం, అందరూ రాసే పరీక్ష ముందు నిలబడ్డ మన పిల్లలతో కూర్చుని మాట్లాడేటప్పుడు నాకు ఈ గట్లే గుర్తొస్తాయి. ఎక్కడ దారి ఉందో అడగడంతో పాటు, నా దగ్గరున్న పనిముట్లతో ఎక్కడ దారి చేయగలను అని కూడా వాళ్లను అడగమంటాను.

ఇప్పుడు ఓడిపోవడం గురించి. ఈ ఆటలన్నిటిలో నడుస్తున్న పోరును దాచుకుని, తప్పు జరగ్గానే వెనక్కి వెళ్లే వీలుంటుంది. దాన్ని ముట్టుకోకండి. మొదటి ముప్ఫై పోరులయినా ఓడినదాన్ని చివరిదాకా ఆడండి. చెడిపోయిన పరిస్థితిలో మిగిలినవాళ్లను ఎలా కాపాడుకోవాలో అక్కడే తెలుస్తుంది. ఓటమి ఖాయమయ్యాక మిగిలినవాళ్లను తీసుకుని వెనక్కి ఎలా రావాలో నాకు నేర్పింది అలా ఆడిన నాలుగు పోరులే.

1904లో స్వింటన్ అనే బ్రిటిష్ అధికారి ఒక చిన్న పుస్తకం రాశాడు, 'ది డిఫెన్స్ ఆఫ్ డఫర్స్ డ్రిఫ్ట్' అని. దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం నాటి కథ. కుర్ర లెఫ్టినెంట్ ఒకడు యాభై మందితో ఒక ఏటి రేవును కాపాడాలి. ఆ రాత్రి అతనికి ఆరు కలలు వస్తాయి. మొదటి కలలో రేపు తవ్వుకుందాంలే అని కందకం వాయిదా వేస్తాడు, తెల్లారకుండానే శత్రువు వచ్చి పడతాడు. రెండో కలలో ఆ తప్పు దిద్దుకుంటాడు, ఇంకో తప్పు వల్ల ఓడతాడు. ఒక కంత పూడిస్తే మరో కంత బయటపడుతుంది. ఒక కల నుంచి ఇంకో కలకు అతనికి జరిగింది గుర్తుండదు, నేర్చుకున్న పాఠాలు మాత్రం ఉంటాయి. ఆరో కలలో రేవు నిలుస్తుంది. నూట ఇరవై ఏళ్ల నాటి పుస్తకం ఇంకా సైనికులు చదువుతున్నారంటే ఆ ఆరు కలల వల్లే.

అవమానం మరచిపోయి పాఠం మాత్రం గుర్తుంచుకోవడం నిద్రలో సాధ్యం. మెలకువలో మనకు సరిగ్గా తలకిందులుగా జరుగుతుంది. పాఠం పోతుంది, అవమానం ఏళ్ల తరబడి ఉంటుంది. దీనికి నాకు తెలిసిన మందు రాసుకోవడమే. అమెరికా సైన్యం 1970ల నుంచి తన శిక్షణలో పెంచుకుంటూ వచ్చిన ఒక పద్ధతి ఉంది. విన్యాసం ముగియగానే అందరూ కూర్చుని నాలుగు విషయాలు మాట్లాడుకుంటారు: ఏం జరగాలనుకున్నాం, నిజానికి ఏం జరిగింది, ఎందుకు తేడా వచ్చింది, ఈసారి ఏం చేద్దాం. తప్పు ఎవరిదన్న ప్రశ్న అక్కడ లేదు. చిన్న ర్యాంకువాడు కూడా పెద్ద అధికారి ముందే తాను చూసింది చెప్పవచ్చు. నేను ప్రతి పోరు తర్వాత ఈ నాలుగింటికీ నాలుగు వాక్యాలు రాస్తాను. పొడుగ్గా రాయను, పొడుగ్గా రాస్తే సంజాయిషీ అవుతుంది.

ఒకసారి పక్షం మార్చి ఆడి చూడండి. ఈ సలహా మా మేనల్లుడిదే. అదే బాట, అదే ఇల్లు, కానీ ఈసారి నేను జర్మన్ వైపు. ఒకే ఒక మెషిన్ గన్ ఇచ్చి, ఎక్కడైనా పెట్టుకోమన్నాడు. పటం తిప్పి చూశాను. పది సెకన్లు పట్టలేదు. ఎడమ గట్టు వెనక తప్ప ఇంకెక్కడా పెట్టబుద్ధి కాలేదు. బాట మొత్తం అరచేతిలో ఉన్నట్టు కనబడుతోంది అక్కడి నుంచి. నలభై ఒక్క మందిని నేను ఏ కళ్ల ముందుకు పంపానో అప్పుడు చూశాను. ఇంట్లో ఎవరితోనైనా మాట పట్టింపు వచ్చినప్పుడు ఇప్పుడు ఆ గట్టు వెనకకు వెళ్లి ఒకసారి నిలబడతాను. అక్కడి నుంచి నేనెలా కనిపిస్తున్నానో చూస్తాను.

ఒక విషయం మాత్రం ఆడేటప్పుడు మరవకూడదు. ఇవి ఒకప్పుడు నిజంగా జరిగిన పోరులు. నార్మండీలో కోల్‌విల్ దగ్గర అమెరికన్ల శ్మశానంలో 9,300కు పైగా సమాధులున్నాయి. జర్మన్లవీ, బ్రిటిష్ వాళ్లవీ, అక్కడి పల్లెజనానివీ వేరుగా ఉన్నాయి. తెర మీద మనిషి పడిపోతే అది అంకె కాదని గుర్తుంచుకుని ఆడేవాడే నిజమైన ఎత్తులు నేర్చుకుంటాడు. ప్రతి మనిషినీ లెక్కపెట్టుకునేవాడికే చాటు ఎక్కడుందో కనిపిస్తుంది. ఈ ఆటలో గాయపడినవాడి పక్కన తోటి సైనికుణ్ణి నిలిపితే, అతను మోకాళ్ల మీద కూర్చుని కట్టు కడతాడు. దానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. గెలుపోటముల లెక్క ఎలా ఉన్నా, నేను ఆ నిమిషాలు ఇస్తాను.

మొన్న సంక్రాంతి సెలవులకు మావాడు వచ్చినప్పుడు ఆ బాటను మళ్లీ ఆడాను. మొదటి ఎనిమిది నిమిషాలు ఎవరినీ ముందుకు పంపలేదు. ముగ్గురిని కుడి గట్టు వెంట పాకించి, ఆగి, చూడమన్నాను. ఎడమ గట్టు మీద ప్రశ్న గుర్తు పడింది. రెండు జట్లు దాని మీద కాలుస్తూ ఉన్నాయి. మూడో జట్టు చాటున ఉంది. ఇంజినీర్లు మూల దగ్గర గట్టు పేల్చారు. ముప్ఫై నాలుగో నిమిషంలో రాతి ఇల్లు చేతికి వచ్చింది. ఇద్దరు గాయపడ్డారు, ఎవరూ పోలేదు.

మావాడు ఇరవై ఒకటో నిమిషం దగ్గరికి మాట తిప్పాడు. ఆ ఇద్దరూ పడింది అక్కడే. "అక్కడ ఎందుకు లేచారు మామయ్యా వాళ్లు?" అన్నాడు.

నోటుబుక్కు తెరిచాను.